నా ఫోన్‌లో కనబడని ప్రకటన

మీ పక్క మంచం మనిషి తన ఫోన్‌లో వార్త తెరిస్తే, ఆ వార్తతో పాటు ఇంకేమేం తెరుచుకుంటాయో మీరెప్పుడైనా చూశారా? ఆయన మీకు పంపిన వీడియో సంగతి కాదు, ఒక్కడే కూర్చుని చదువుకునే పేజీ సంగతి అడుగుతున్నాను. నేను చూడలేదు. నాలుగేళ్లు ఒకే రూమ్‌లో ఉండి కూడా చూడలేదు. అందుకు దెబ్బ నాకు తగల్లేదు, ఆయనకు తగిలింది.

గల్ఫ్‌లో, అల్ హైల్ అనే చోట మా కంపెనీ రూమ్. నేను స్టోర్ కీపర్‌ని. పక్క మంచం ఆయన జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి. యాభై దాటాయి, ఆరేళ్లుగా షుగర్. ఒక రోజు సైట్ నుంచి కుంటుకుంటూ వచ్చాడు. సేఫ్టీ బూటు విప్పితే బొటనవేలి పక్కన పుండు. "బూటు కరిసింది, గంతే" అన్నాడు. రెండు వారాలైనా అది మానలేదు. నేనే క్లినిక్‌కి లాక్కెళ్లాను.

అక్కడి నర్సు కాకినాడ వైపు అమ్మాయి. వేలు గుచ్చి రక్తం తీసి, మిషన్‌లో అంకె చూసి మొహం మార్చింది.

"బాబాయ్ గారూ, మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటున్న బిడ్డా."

"నిజం చెప్పండి. పైన దేవుడు చూస్తున్నాడు, ఇక్కడ నేను చూస్తున్నాను, ఈ మిషన్ అయితే చూసేసింది కూడా."

మేస్త్రి తల దించుకున్నాడు. "గోలీలు బంద్ వెట్టి రెండు నెలలైతంది. షుగర్ తగ్గుతదని పొడి తింటున్న."

పుండు ఇంకా లోపలికి దిగితే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. పరంజా మీద నిలబడి గోడ కట్టే మనిషికి బొటనవేలు పోతే ఏం మిగులుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దేవుణ్ని నమ్మే ఆ నర్సుకూ నమ్మని నాకూ ప్రార్థనల విషయంలో ఎన్నడూ పొసగదు. కానీ ప్రార్థన చేస్తాను, మాత్ర మానెయ్యి అని ఆమె ఎవరితోనూ అనలేదు. మాత్ర మానెయ్యమన్నది ఆ పొడి అమ్మినవాడే.

శుక్రవారం పొద్దున, రూమ్‌లో అందరూ బట్టలు ఉతుక్కుంటుంటే, నేను మేస్త్రి మీద పడ్డాను. నా చరిత్ర అటువంటిది. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించి, బాబాల గుట్టు విప్పినవాళ్లలో నేనొకణ్ని. అటువంటి నా పక్క మంచం మీదే షుగర్‌కి మాయపొడి!

"ఈ మందులవాళ్లను వెతికి వెతికి పట్టుకున్నావు కదూ?" అన్నాను.

"నేను యాడ దేవులాడిన్నే? పేపర్ సదువుతాంటే అదే అచ్చింది. ఒక్కపాలి గాదు, పదిపాలి అచ్చింది. నీ ఫోన్ల రాదు, గీ పోరగాండ్ల ఫోన్ల రాదు, నాకే అస్తది. ఊకెనే అస్తదా అన్నా? నాకు రాసిపెట్టి ఉన్నదనుకున్న."

నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా విని, ఫోన్ నా ఒళ్లో పడేశాడు. "ముచ్చట్లు బందువెట్టి నువ్వే సదువు."

వడ్ల కొనుగోలు కేంద్రాల మీద చిన్న వార్త అది. రెండు వాక్యాలు చదివేలోపు షుగర్ పొడి. కిందికి జరిపితే వశీకరణం చేసే జ్యోతిష్యుడు. ఇంకాస్త జరిపితే మోకాళ్ల నూనె. పేజీ ఎగిరెగిరి పడుతోంది, చదువుతున్న వాక్యం చేతికి చిక్కడం లేదు. చివరికి పొడి డబ్బా తెరంతా కమ్మేసింది. దాన్ని మూసే గుర్తు ఒక మూలన, ఆవగింజంత. "మూసెయ్" అన్నాను. మేస్త్రి బొటనవేలితో నొక్కాడు. సిమెంట్ తిని బండబారిన వేలు; ఆఫీసులో వేలిముద్ర మిషన్ కూడా ఆ వేలిని గుర్తుపట్టదు. అది ఆవగింజ మీద పడుతుందా? డబ్బా మీదే పడింది. పొడివాడి దుకాణం తెరుచుకుంది.

అప్పుడు అదే వార్తను నా ఫోన్‌లో తెరిచాను. వడ్లు, కేంద్రాలు, రైతులు, అంతే. మూడేళ్లుగా నా బ్రౌజర్‌లో ప్రకటనలను ఆపేసి పెట్టుకున్నాను. నా తెర శుభ్రంగా ఉంది కాబట్టి లోకంలో అందరి తెరా శుభ్రంగా ఉందనుకున్నాను. వెతికితే తప్ప మోసం కంటపడదనుకుని, వెతకని మనిషిని దొంగలా నిలబెట్టాను. ఇంతకన్నా మూఢనమ్మకం ఏముంటుంది?

నీ వేలు పొరపాటున తగిలితే, నీకు అది కావాలనుకుని ఫోన్ దాన్నే మళ్లీ మళ్లీ చూపిస్తుందని చెప్పాను. మేస్త్రి నమ్మలేదు. సరే, పరీక్ష పెడదామన్నాను. ఆయన ఫోన్‌లోనే ఆడవాళ్ల ఎత్తుమడమల చెప్పులు వెతికి, రెండు మూడింటి మీద నొక్కి ఇచ్చేశాను. మర్నాడు సైట్‌లో అన్నాలు తింటూ ఆయన వార్త తెరిచాడు. వడ్ల బస్తాల ఫోటో కింద ఎర్ర చెప్పులు. దాని కింద నల్ల చెప్పులు.

"ఏం మామా, ఎవలికి కొంటున్నవ్?" అన్నాడు పక్కన తింటున్న, ఇనుప కమ్మీలు కట్టే పనివాడు. "అత్తకు చెప్పాల్నా?"

"సప్పుడు జెయ్యకు బే" అని మేస్త్రి కూడా నవ్వాడు. తర్వాత ఫోన్ నా వైపు తిప్పాడు. "అయితే ఆ పొడి సుత గిట్లనే అచ్చిందానె?" అన్నాడు. తర్వాత ముద్ద ముట్టలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఫోన్‌లో వేరే బ్రౌజర్ వేసి, ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ జోడించి, ఆయన రోజూ చదివే పేజీని ముందే కనబడేలా పెట్టాను. ఐదు నిమిషాలు పట్టింది. మేస్త్రి కిందికి జరిపి, పైకి జరిపి, "వార్త గింతేనా?" అని ఆశ్చర్యపోయాడు. వెంటనే నా వైపు తిరిగాడు.

"ఐదు నిమిషాల పనికి నాలుగేండ్లు లెక్చర్లు ఇచ్చినవా?"

చర్చలో ఎదుటివాడి మైకు లాక్కోకూడదని నేర్చుకుని పెరిగాను. మాటతో గెలవాలి కానీ నోరు మూయించకూడదన్నది మా నియమం. కానీ ఆ పొడి డబ్బా ఏ చర్చకు వచ్చింది? ప్రశ్న వేస్తే నిలబడిందా? దాక్కుని వచ్చేదాన్ని ఆపితే అది నోరు నొక్కడం కాదు, తలుపు వేసుకోవడం. ప్రకటనలు ఆపేస్తే పత్రికలు మరి ఎలా బతకాలి అంటారు కొందరు పెద్దమనుషులు. చందా అడగండి, ఇస్తాం. మేస్త్రి బొటనవేలితో మాత్రం బతకకండి.

ఇది బ్రౌజర్‌లో వచ్చేవాటినే ఆపుతుంది. వీడియో యాప్‌లో పొడివాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. మేస్త్రి గోలీలు మళ్లీ మొదలుపెట్టాడు. రోజు మార్చి రోజు కట్టు మారుస్తున్నారు. వేలు నిలుస్తుందో లేదో డాక్టర్ ఇంకా చెప్పడం లేదు. నర్సు ప్రార్థిస్తోంది, నేను తిట్టుకుంటున్నాను.

మీరు ఈ వ్యాసం చదివి తల ఊపి ఊరుకోకండి. మీ బ్రౌజర్‌లో ప్రకటనలు ఆపుకుని హాయిగా ఉన్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: లేవండి. మీతో అన్నం తినే మనిషిని అడిగి ఫోన్ తీసుకోండి, ఆయన ఎదురుగానే ఆ ఐదు నిమిషాల పని చేయండి. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకొకటి అడగండి, ఇవాళ మాత్ర వేసుకున్నావా అని. వేసుకునేదాకా అక్కడి నుంచి కదలకండి.