తెర మీది అక్కచెల్లెళ్ళు

మా వదిన ఏడిస్తే ఊళ్ళో సగం ఇళ్ళలో కూర మాడిపోతుంది. ఇందులో నా కోతలేమీ లేవు. సాయంత్రం వచ్చే డబ్బింగ్ సీరియల్లో కథానాయిక కళ్ళనీళ్ళు వేరే భాష అమ్మాయివి, ఏడుపు మాత్రం మా వదినది. ఒకసారి ఆవిడ వెక్కిళ్ళు విని ఎదురింటి పిల్లి పూటంతా పాలు ముట్టలేదు. నమ్మకపోతే పిల్లినే అడగండి.

మేనత్త కూతురు, నాకన్నా పెద్దది, కాబట్టి వదిన. పెళ్ళి కాలేదు. రెండు గదుల వాటా. ముందు గది అత్తదీ టీవీదీ. వెనక గది వదినదీ, బట్టలు కుట్టే ఆవిడ స్నేహితురాలిదీ. ఆ టైలరమ్మ ఉత్త స్నేహితురాలు కాదని నాకెప్పుడో తెలుసు. నాకు చదువు అబ్బలేదు గానీ కళ్ళు బాగానే పనిచేస్తాయి. తెలియనిదల్లా అత్తకే. టైలరమ్మకు పుట్టింటి నుంచి సంబంధాల పోరు ఎక్కువైంది. నేను నీకేమవుతానో మీ అమ్మకు చెప్పు, చెప్పలేకపోతే వెళ్ళిపోతానని తేల్చేసింది.

దారి సీరియల్లోనే దొరికింది. అందులో కథానాయిక తన స్నేహితురాలినే ప్రేమిస్తోంది, ఇంకా పైకి అనలేదంతే. అత్తకు ఆ ఇద్దరంటే ప్రాణం. వార్తలు చదివేవాళ్ళను నమ్మదు గానీ, కూతురి గొంతులో వచ్చిందంటే ఆవిడకది వేదవాక్కే. కథానాయిక మనసు విప్పి చెప్పే రోజున అత్త పక్కన చేరి, మేమూ అంతేనమ్మా అనేద్దామని ఇద్దరూ అనుకున్నారు.

ఆ ముక్కకు గొంతివ్వడానికి వదిన హుషారుగా వెళ్ళింది. మెత్తటి గోడల గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడింది. తెర మీద అమ్మాయి స్నేహితురాలి చేతులు పట్టుకుంది. కాగితం మీద చూస్తే ప్రేమ మాట మారిపోయి ఉంది. అద్దం అవతల కూర్చున్న మాటల రచయిత, కుటుంబాలు చూసే సీరియల్ అని చానల్ వాళ్ళు వద్దన్నారని, బొమ్మను ఎలాగూ మార్చలేం కనుక పెదాల కదలికకు సరిపోయేలా వేరే మాట రాశానని చెప్పాడు.

"ఆ కళ్ళు చూడండి సార్. తోడబుట్టినదాన్ని ఎవరైనా అలా చూస్తారా?" అంది వదిన.

"కళ్ళెవరు చూస్తారమ్మా, గిన్నెలు తోముకుంటూ వింటారు. అయినా నీకెందుకంత పట్టింపు?"

ఆ ప్రశ్నకు జవాబు చెబితే సాయంత్రానికి స్టూడియో అంతా చెవులు కొరుక్కుంటుంది. ఆ మాట నేను అననంటే ఇంకో గొంతు బయట బెంచీ మీద తయారుగా ఉంది. వదిన అనేసింది. చివర్లో గొంతు జీరబోయింది. రచయితకు అదే తెగ నచ్చింది, అదే ఉంచేశారు.

ఊరంతటినీ ఏడిపించే నోటికి ఇంట్లో ఈ కబురు చెప్పడం చేతకాలేదు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. టైలరమ్మ మిషను ఆపి, జుట్టు దువ్వుకుని, అత్త పక్కన కూర్చుంది. టీవీలోంచి వదిన గొంతు పలికింది.

"నువ్వు నాకు తోడబుట్టినదానివే."

టైలరమ్మ టీవీని చూడలేదు, వదినను చూసింది. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని టైలరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అచ్చం మీరిద్దరేనే. నాకూ ఇద్దరు కూతుళ్ళే. పెద్దదానా, మీవాళ్ళు చూసిన సంబంధం సంగతి నేను మాట్లాడతాను. ముందు నీది కానిద్దాం."

"అమ్మా, అది కాదు," అంది వదిన.

"ఏది కాదు? ఇప్పుడు అన్నది నువ్వేగా. ఊరంతా విన్నారు."

టైలరమ్మ లేచింది. అన్నాళ్ళూ ఆంటీ అని పిలిచిన మనిషి, "అలాగేనమ్మా," అని లోపలికి వెళ్ళింది.

అత్త సంబరం పట్టలేకపోయింది. కూతుళ్ళు లోపల, తానొక్కతే బయట, ఇదేం పడక అని నన్ను పిలిచి తన మంచాన్ని వెనక గదిలో, వాళ్ళిద్దరి పక్కల మధ్యన వేయమంది. ఒంటిచేత్తో లారీ ఎత్తగలనని చెప్పుకునేవాణ్ణి, ఆ మంచం మాత్రం కదల్లేదు. ఒక పక్క నేను పట్టుకున్నాను. రెండో పక్క వదినే వచ్చి ఎత్తింది.