మృణాళిని అనే పేరు కోసం పులివెందుల దాకా

మా అన్నయ్య కూతురికి పేరు పెట్టే రోజున ఆ పేరు మొదట పాప చెవిలో చెప్పాల్సింది మేనత్తనైన నేనే. పులివెందులలో మా వదిన వాళ్లింటి ఆచారం అది. పేరు మృణాళిని అని తెలిశాక నా గుండెల్లో రాయి పడింది. విజయనగరంలో పుట్టిన నా నాలుక ణ దగ్గర న అంటుంది, ళ దగ్గర ల అంటుంది. వదిన ఫోన్లో నాలుగుసార్లు పలికి చూపించింది. తేడా ఏమిటో నాకు నాలుగుసార్లూ అర్థం కాలేదు. అంతమంది ముందు అన్నయ్యకి చిన్నతనం తెస్తానేమోనని భయం పట్టుకుంది.

విజయవాడలో ఎక్కిన బస్సు ఉదయం ఆరుంబావుకి ప్రొద్దుటూరులో దింపింది. దగ్గర్లోనే 'నియాజ్ టిఫిన్స్'లో కారం దోసె యాభై రూపాయలు. "నియాజు గారు మీరేనా?" అని అడిగాను.

"నియాజ్ మా నాయన పేరు" అన్నాడు దోసె తిప్పుతున్నాయన. ఆయన జ తుమ్మెదలా జుమ్మంది. నేనూ ప్రయత్నించాను, రాలేదు. "పోనీలేమ్మా, పొద్దుటూర్లో శానామంది నీ మాదిరే అంటారు" అన్నాడు. బోర్డుల మీద ప్రొద్దుటూరు, ఈయన నోట పొద్దుటూరు. మరి నా ఒక్కదాని న ఏం పాపం చేసిందో!

ఏడున్నర బస్సుకి జమ్మలమడుగు నలభై నిమిషాలు. అక్కడ వదిన నాయనమ్మని, అందరూ జేజి అని పిలిచే ఆవిడని, వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. ఆ గంటన్నరా పాఠమే.

"నాలిక పైకి మడుచు పాపా. ఏంది, మళ్లా న అంటాండావు?" అంది జేజి. ముందు సీటాయన వెనక్కి తిరిగి పలికి చూపించాడు, కండక్టరూ చూపించాడు. నాకు ముగ్గురివీ మూడు రకాలుగా వినిపించాయి. పులివెందుల ఎప్పుడొస్తుందని అడిగితే "పులెందలా? వచ్చేసెలేమ్మా" అన్నాడు కండక్టరు.

పదిన్నరకి అందరూ ఉయ్యాల చుట్టూ చేరారు. వంగేసరికి నేర్చుకున్నదంతా ఎగిరిపోయి, చెప్పాల్సిన మూడుసార్లూ "మృనాలిని" అనేశాను. పక్కనే ఉన్న జేజికి వినపడింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఇంకోసారి చెప్తాను" అన్నాను మెల్లగా.

"ఎందుకు?" అంది జేజి. "మేం దినామూ మా మాదిరే పిలుస్తాం. మీ అన్న ఈడికొచ్చి ఆరేండ్లాయె, ఎప్పుడో మా మాదిరి అయిపోయినాడు. మీ మాదిరి పిలిచేటోళ్లు బిడ్డకు ఇంకెవరుండారు?"

ఏది సరైన పలుకుబడో నాకిప్పటికీ తెలియదు. మీరూ ఈ దారిన వెళ్తే బోర్డు చూసి ఊరుకోకుండా, ముద్దనూరు మీదుగా పోతుందో లేదో కండక్టరుని అడిగే ఎక్కండి. మీ యాసలోనే అడగండి, ఎవరూ నవ్వరు. ఆ రోజు, ఒకప్పుడు నాలాగే పలికిన అన్నయ్య పాపని ఎత్తుకుని ణ, ళ రెండూ నిండుగా పలుకుతూ పిలిచాడు. అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.