పీకేసిన వరస

సన్నని వల కట్టిన నెట్‌హౌస్ తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఎడమ వరసలో ఉండాల్సిన ఇరవై మిరప మొక్కలు లేవు. ఖాళీ కుండీలు మాత్రం మట్టి చదును చేసి, వరసగా పేర్చి ఉన్నాయి. అప్పుడు ఎనిమిదిన్నర. పది గంటలకు పరిశీలన బృందం వస్తోంది.

అప్పటికి రెండేళ్లుగా గుంటూరు శివార్లలోని ఒక పరిశోధన క్షేత్రంలో పనిచేస్తున్నాను. మిరప ఆకును ముడిచేసే వైరస్‌ను తట్టుకునేలా, ఆ వైరస్‌దే చిన్న జన్యు ముక్కను మొక్కలోకి చేర్చాం. కుడి వరసలో ఉన్నవి అవి. ఎడమ వరసలో అదే రకం మిరప, ఏ మార్పూ చేయనిది. రెండింటి మీదా వైరస్ మోసే తెల్లదోమల్ని వదిలాం. ఎడమవి ముడుచుకుపోవాలి, కుడివి నిలబడాలి. రెండూ పక్కపక్కన కనబడితేనే నమ్ముతారు. జబ్బు పడ్డవి లేకపోతే, అసలు దోమ కుట్టిందా అని అడుగుతారు. ప్రయోగం నిలిస్తే కుడి వరస విత్తనం తర్వాతి దశకు వెళ్తుంది. నిలవకపోతే, జన్యువు మార్చినవి బయటికి పోకుండా అన్నీ కాల్చేయాలని నియమం.

"పిన్నీ! ఈ వరస మొక్కలేవి?" అని అరిచాను.

మేమంతా పిన్ని అని పిలిచే, మొక్కలకు నీళ్లు పోసే ఆవిడ గొట్టం కింద పడేసి వచ్చింది. ఆవిడది వినుకొండ దగ్గర పల్లె. కిందటేడు రెండెకరాల మిరప ఇదే ముడతకు పోతే, చేను దున్నేసి మా దగ్గర పనికి చేరింది.

"నిన్న సాయంత్రం పీకేశానమ్మాయ్," అంది, మెచ్చుకుంటానేమోనన్నట్టు చూస్తూ. "అన్నిటికీ బొబ్బరొచ్చి ఆకు ముడుచుకుపోయింది. పక్క వరసకి అంటుకుంటదని ఎనకాల గొయ్యి తీసి పాతేశా. పెద్దోళ్లు వస్తన్నారు గదా."

నోటికొచ్చినట్టు తిట్టాను. మూడు నెలల పని మట్టిపాలు చేశావన్నాను. నిన్నెవరు ముట్టుకోమన్నారన్నాను. నా కోపం సంగతి నాకు తెలుసు. ఆ పూట దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ ముఖం మాడిపోయింది.

"రోగమొచ్చిన మొక్కని చూస్తా చూస్తా ఎట్టా వదిలేస్తామమ్మా? మా చేలో ముందే పీకుంటే సగమన్నా మిగిలేది."

నేను వినిపించుకోకుండా నెట్‌హౌస్ వెనక్కి పరిగెత్తి ఆ గొయ్యి తవ్వాను. మొక్కలు వాడి, నలిగి బయటపడ్డాయి. కొన్నిటి ఆకులు ఇంకా దొన్నెల్లా ముడుచుకునే ఉన్నాయి. కానీ ఏ మొక్క ఏ కుండీదో తెలిసే దారి లేదు, అది తెలియకపోతే అవి లెక్కకు రావు. నంబరు చీటీలు నేను కుండీలకు అంటించాను, మొక్కలకు కట్టలేదు. ఆ వరస ఎందుకుందో పిన్నికి ఒక్కసారైనా చెప్పలేదు. నీళ్లు పోయమన్నాను, పోసింది.

బృందం సరిగ్గా పదికి వచ్చింది. వాళ్లలో పెద్దాయన ఖాళీ కుండీల్ని, నా మట్టి చేతుల్ని చూశారు.

"పోల్చడానికి ఏమీ లేదమ్మా. ఈ ప్రయోగం చెల్లదు. మొక్కలన్నీ ఇవాళే కాల్చేయండి. ఎవరు పీకారో రాసివ్వండి."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పేరు రాస్తే రేపటి నుంచి ఆవిడకు పని ఉండదు. అయినా రాయాలనే అనిపించింది, అబద్ధమెందుకు. తవ్వినప్పుడు గోళ్లలో ఇరుక్కున్న మట్టి కాగితానికి అంటుతోంది. చివరికి, పనివాళ్లకు చెప్పకపోవడం నా పొరపాటని రాసి సంతకం పెట్టాను.

వాళ్ల కారు గేటు దాటాక పిన్ని దగ్గరికొచ్చింది. "ఏమన్నారమ్మాయ్?"

"మిగిలినవి కూడా పీకి కాల్చేయాలి."

"ఈ మంచియ్యి కూడానా? వీటికేం రోగమని?"

అప్పుడు చెప్పాను, మొదటి రోజే చెప్పాల్సింది. ఎడమవి ఎందుకు ముడుచుకుపోవాలో, అవి లేకపోతే కుడివాటికి విలువ ఎందుకు ఉండదో. ఆవిడ ఖాళీ కుండీల్నే చూస్తూ విన్నది.

తర్వాత ఇద్దరం కుడి వరస దగ్గరికెళ్లాం. మొక్కలు నిటారుగా, ఆకులు చాపుకుని, అప్పుడే పూతకొచ్చి ఉన్నాయి. నిన్న ఇరవై పీకిన మనిషి మొదటి మొక్క మొదలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నేను చెయ్యి పెట్టకపోతే ఇయ్యి విత్తనమయ్యేయి గదమ్మా," అంది.

కాదని చెప్పాలనుకున్నాను. ఆవిడ చెయ్యి మెల్లగా తప్పించి, ఆ మొక్క నేనే పీకాను.