క్వినైన్ తర్వాత మా రెండో ఆల్బం

మా బేండు రెండో ఆల్బం మొదలుపెట్టేనాటికి, పాటలు కట్టేవాడికి వినికిడి పోయింది.

మేం ముగ్గురం. అతను రాయగడలో హోల్‌సేల్ కిరాణా నడిపే కుటుంబంలో పెద్దకొడుకు. వాళ్ళ తాతగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. గిటారూ అతనిదే, పాటలు కట్టడమూ అతనిదే. డ్రమ్ములు వాయించేవాడి నాన్న మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో ఆపరేటర్. నేను కోరాపుట్‌లో పుట్టి పెరిగినదాన్ని. అమ్మ అక్కడి ఆస్పత్రిలో నర్సు. నాన్న లెక్కల మాస్టారు, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేవారు. బేస్ గిటారు నాది, పాడడం కూడా నేనే.

తొంభైల చివర్లో కాలేజీలో కలిసేం. విశాఖపట్నం హాస్టల్లో చదివే, పాటలు కట్టేవాడి బంధువొకడు తెచ్చిన క్యాసెట్టు ఒకటి చేతులు మారి మా దగ్గరికొచ్చింది. స్టోనర్ డూమ్ అంటారట ఆ సంగీతాన్ని. లోడు లారీ ఫస్ట్ గేర్లో ఘాటీ ఎక్కుతున్నట్టు గిటారు మూలుగుతోంది. దాని మీద గొంతు, మంచులో దారి తప్పినవాడు పిలిచినట్టు, సుడులు తిరుగుతూ వస్తోంది. టేపు సాగిపోయిందనుకున్నాం. వేరే టేప్‌రికార్డర్లో వేసేం. అక్కడా అంతే. సాగలేదు, ఆ పాట నడకే అది. అతను మాత్రం రెండోసారి విన్నాక, "నా బుర్రలో ఉన్నది ఎవులో ముందే వాయించెసేరు" అన్నాడు.

మేం వాయించడం మొదలుపెట్టేక మా నాన్న చాలాసేపు ఓపికగా విని, "ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుతుందమ్మా?" అని అడిగేరు. పాటలు కట్టేవాడి అమ్మగారు టీ తెచ్చి ఇస్తూ, "ఏటమ్మి, ఎవులైనా పోనారేటి, అంత ఏడుపు పాట?" అనేది. మేం గంజాయి కొడతామని ఊళ్ళో అనుకునేవారు. మేం తాగింది టీయే.

మొదటి ఆల్బం క్యాసెట్ల మీద మేమే కాపీలు తీసుకుని పంచుకున్నాం. అందులో తప్పులు ఎన్నో. కాని అతని చెవి ఎంత చురుకైనదంటే, నా బేస్‌లో ఒక తీగ వెంట్రుకవాసి జారితే పక్క గదిలోంచి అరిచేవాడు.

రెండువేల సంవత్సరం దాటేక ఒక వానాకాలం, చింతపండు కొనడానికి వాళ్ళ నాన్న తరఫున లక్ష్మీపూర్ వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చేడు. మామూలు జ్వరమే అనుకున్నారు. ఒక పొద్దున్న తల్లిని గుర్తుపట్టలేదు. జీపులో కోరాపుట్ ఆస్పత్రికి తెచ్చేరు. మలేరియా మెదడుకి ఎక్కిందన్నారు. మా అమ్మ డ్యూటీ దిగి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండా మంచం మీద కూర్చుండిపోయింది. "క్వినైన్ ఎక్కిస్తున్నాం. ప్రార్థన చెయ్యండి" అంది. అమ్మ ఎవరి గురించీ అలా చెప్పగా నేను వినలేదు.

బతికేడు. కళ్ళు తెరిచిన రోజు నేను వార్డులోనే ఉన్నాను. కిటికీ వైపు చూసి, "ఎవులో ఏంప్లిఫయర్ ఆపడం మరిసిపోయేరు. ఆ మోత ఆపమ్మీ" అన్నాడు. వార్డులో ఏ మోతా లేదు.

కొందరికి మందు వల్ల అలా అవుతుంది, కొన్నాళ్ళకి తగ్గుతుంది అన్నారు డాక్టరుగారు. తగ్గలేదు. ఆ మోత మిగిలింది, తక్కినవన్నీ దాని వెనక్కి వెళ్ళిపోయేయి. ముందు పిట్టలు పోయేయి. తర్వాత వాళ్ళమ్మ గొంతు. విశాఖపట్నం తీసుకెళ్ళి చెవికి మిషన్ పెట్టించేరు. అది మోతనే పెద్దది చేస్తోందని తీసి గూట్లో పడేసేడు. మాటలు పెదాల మీద చదవడం నేర్చుకున్నాడు. నేను నెమ్మదిగా పలికితే అర్థమయ్యేది.

బేండు అయిపోయిందనే అనుకున్నాను. ఏడాది గడిచేక అతనే రాయగడ స్టేషన్లో నన్ను రైలు ఎక్కిస్తూ అన్నాడు:

"ఇంకో ఆల్బం సేద్దాం."

"ఎలా?" అన్నాను.

"సెవులు లేవుగాని, కాళ్ళున్నాయి కదా."

మాచ్‌ఖండ్ కాలనీలో ఖాళీగా పడున్న స్టాఫ్ క్వార్టరొకటి డ్రమ్మరు వాళ్ళ నాన్న అడిగి ఇప్పించేరు. కరెంటు పుట్టే ఊరు కాబట్టి కరెంటు పోదనుకున్నాం. అక్కడా పోయేది. నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మధ్యలో ఆగిపోయేది, మళ్ళీ మొదట్నుంచి వాయించేవాళ్ళం.

అతను చెక్క బల్ల మీద ఏంప్లిఫయర్ పెట్టించి, చెప్పులు విడిచి, ఒక పాదం స్పీకరు పెట్టెకి ఆనించి కూర్చునేవాడు. గడ్డం గిటారు ఒంటికి నొక్కిపెట్టి శ్రుతి చేసేవాడు. పై స్వరాలు ఎముకకి అందడం లేదని తీగలు ఇంకా ఇంకా వదులు చేసేడు, అవి తాళ్ళలా వేలాడేదాకా. పాటలు మునుపటికంటే నెమ్మదించేయి. ఒక స్వరం నేలలోకి పూర్తిగా దిగిపోయేదాకా రెండోదాని మీద చెయ్యి వేసేవాడు కాదు. డ్రమ్మరు అతని పాదం చూస్తూ కొట్టేవాడు.

ఆ పవర్‌హౌస్ కోసం డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన ఒక ఊరి గురించి పెద్ద పాట. ఎండాకాలం నీరు తీసినప్పుడు గోడల మొదళ్ళు బయటపడతాయని డ్రమ్మరు వాళ్ళ నాన్న చెప్పగా కట్టింది. దాని పేరే ఆల్బానికి పెట్టేం, 'అడుగునీరు'. అది పాడుతుంటే అతను నా నోటి వంకే చూసేవాడు. ఆపి, "ఆ మాట దగ్గర నీ మెడ బిగుస్తంది, గొంతు బిగిసినట్టే" అనేవాడు. నిజమే. మళ్ళీ పాడేదాన్ని.

పూర్తయిన రోజు మధ్యాహ్నం మొత్తం వేసుకుని విన్నాం. మేమిద్దరం విన్నాం. అతను మా మొహాలు చూస్తూ కూర్చున్నాడు. మేం చేసిందేనా ఇది అనిపించింది నాకు. అంత బరువు, అంత ఖాళీ. ఎకోలో నా గొంతు నీళ్ళ కింద నుంచి వస్తున్నట్టే ఉంది. ఏడుపొచ్చేసింది.

"ఏడుపు కాదమ్మీ. ఎలగుందో సెప్పు."

"చాలా బాగుంది."

"బాగుంటే ఎలగ బాగుంది?"

చెప్పబోయేను. శబ్దాన్ని శబ్దం లేకుండా ఎలా చెప్తారు? బరువుగా ఉందన్నాను. పెద్దగా ఉందన్నాను. అతను కాసేపు చూసి లేచేడు. "సెవిటోడికి బాగుందనే సెప్తారు ఎవులైనా" అని వరండాలోకి వెళ్ళిపోయేడు.

ఇంటికి తెచ్చి నాన్నకి వినిపించేను. ఈసారి పాట ఎప్పుడు మొదలవుతుందని అడగలేదు. చివరిదాకా విని, "ఆ అబ్బాయి ఇది వినలేదా?" అన్నారు. లేదన్నాను. టేప్‌రికార్డరు ఆపి, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయేరు.

రాయగడలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో మాకు కొంచెం సేపు ఇచ్చేరు. చెక్కల స్టేజీ. అది చూసి అతను సంతోషపడ్డాడు, పాదాలకి బాగా తెలుస్తుందని. 'అడుగునీరు' ఎత్తుకున్నాం. సగంలో, అతని సోలో మొదలవబోతుండగా, అతని ఏంప్లిఫయర్ టక్కుమని చచ్చిపోయింది. నా బేస్, డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి, చెక్కలు అదురుతూనే ఉన్నాయి. అతనికి తెలియలేదు. కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. వదులు తీగలు గిటారుకి కొట్టుకునే టపటప తప్ప ఏమీ లేదు. ముందు వరసలో నవ్వు మొదలయ్యింది. అది వెనక్కి పాకింది. కొందరు ఈలలు వేసేరు. డ్రమ్మరు నా వైపు చూసేడు. ఆపేస్తే నేల ఆగిపోతుంది, అతనికి తెలిసిపోతుంది. నేను ఆపలేదు. వాడూ ఆపలేదు. పాట ముగిసేదాకా ఇద్దరం వాయించేం. ఆ సోలో నేను ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు అతని వేళ్ళలో దాన్ని చూసేను. ఒక్క స్వరం తప్పలేదు.

కళ్ళు తెరిచి, జనానికి దండం పెట్టి, గిటారు దించబోతూ ఏంప్లిఫయర్ వైపు చూసేడు. ఎర్రలైటు వెలగడం లేదు.

"ఎప్పుట్నుంచి?"

డ్రమ్మరు కర్రలు సర్దుకోవడం మొదలుపెట్టేడు.

"ఎప్పుట్నుంచమ్మీ?"

"సోలో ముందు నుంచి."

వైరు ఊడదీసి చేతికి చుట్టుకున్నాడు, నెమ్మదిగా, మడతలు సరిచూసుకుంటూ. మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. మరుసటి వారం నుంచి కొట్లో కూర్చున్నాడు. డ్రమ్మరు పని వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్ళిపోయేడు. నాకు బొయిపరిగుడలో టీచరు ఉద్యోగం వచ్చింది.

కొన్నేళ్ళకి డ్రమ్మరు ఆ ఆల్బాన్ని ఇంటర్నెట్లో పెట్టేడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో విని, గొప్పగా ఉందని రాసేరు. మా పేర్లు తెలియవు, మా ఊరు తెలియదు వాళ్ళకి. ఆ కబురు పట్టుకుని రాయగడ వెళ్ళేను. కొట్లో ఎండుమిరపకాయల బస్తాలు దింపిస్తున్నాడు. జుట్టు పల్చబడింది. ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ అంతా చెప్పేను.

"ఆలకి నా సెవుల సంగతి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

నేను చెప్పింది నమ్మేడు, అది మొహంలో కనిపించింది. నమ్మితే ఏదో తేలికపడతాడనుకుని వచ్చేను నేను.

"అయితే బాగుందన్నమాట" అన్నాడు. "అంత బాగున్నది నాను యినకుండానే పోతానన్నమాట."

చేతులు తుడుచుకుని బస్తాల దగ్గరికి వెళ్ళిపోయేడు. మిరప ఘాటుకి కూలివాళ్ళు దగ్గుతున్నారు. అతని అమ్మగారు లోపల్నుంచి వచ్చి, అన్నం తిని వెళ్ళమ్మీ అని చెయ్యి పట్టుకుంది. తిన్నాను. తింటున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చుని వడ్డిస్తూనే ఉంది.