రెడ్డిగారి చొక్కాకు మాసిక

అది 1959. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో మా ఊరు. ఊరి మొత్తానికి కుట్టుమిషను నాదొక్కటే. క్రైస్తవ మిషన్ బడిలో దొరసానమ్మ దగ్గర పని నేర్చుకుని, ఒక అరుగు అద్దెకు తీసుకుని కూర్చున్నాను. కొత్త బట్టలు కుట్టేది పండగలకే. మిగతా ఏడాదంతా నన్ను పోషించినవి రఫ్ఫులు, మాసికలు. రఫ్ఫు అంటే చిరుగును దారంతో నేసినట్టు కలిపేయడం. మాసిక అంటే చిరుగు మీద వేరే గుడ్డ వేసి కుట్టడం. రెండూ చిరిగిన బట్టకే చేస్తారని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

ఆ ఏడు పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. పోటీలో ఉన్న ఇద్దరూ మిద్దెలున్న ఆసాములే. మిద్దెలకు పన్ను పెంచి గుడిసెలకు తీసేస్తానని ముందు నాయుడుగారు టముకు వేయించారు. పెంచలరెడ్డిగారు ఊరుకుంటారా? మిద్దెలకు రెట్టింపు పన్ను, గుడిసెలకూ జాలర్ల పడవలకూ అసలు పన్నే లేదని మర్నాడే వేయించారు. ఊళ్లోకెల్లా పెద్ద మిద్దె ఆయనదే. మేమంతా నోళ్లు వెళ్లబెట్టాం.

ఒకరోజు రెడ్డిగారు కొత్త ఖద్దరు చొక్కా తెచ్చి నా మిషను మీద పెట్టారు.

"ఏసేబూ, దీనికి రెండు మాసికలు వెయ్యి. భుజం మీద చిన్నది, వీపు మీద పెద్దది."

చొక్కాను వెలుతురుకు పట్టి చూశాను. "చిరుగు యాడుందయ్యా?"

"చిరుగు లేదు. మాసిక కావాల. మిద్దెలో ఉండేవాడు పన్నుల సంగతి చెప్తే ఎవురు నమ్ముతారు? నన్ను చూస్తే మనోడే అనిపించాల."

"అయితే చించి వేసేదా అయ్యా?"

"చించితే ఎట్టా? ఎన్నికలైనాక మాసికలు విప్పేసి తొడుక్కోవద్దా!"

కొత్త బట్టకు పాత మాసిక వేయడం అంత సులువు కాదు. ఇంట్లో గిన్నెలు దించే మసిగుడ్డ ఉతికి కత్తిరించాను. మా ఆవిడ ఊరుకోలేదు. "రేపు అన్నం గిన్నె దేంతో దించేది, రెడ్డిగారి వీపుతోనా?" అంది.

సముద్రం ఒడ్డున, మా పంచాయతీ కిందే ఉన్న జాలర్ల పల్లె కుప్పంలో మీటింగు పెట్టారు. మాసిక ఊడితే కుట్టడానికని సూదీదారంతో నన్నూ కారెక్కించుకున్నారు. పెద్ద మాసిక వీపు మీద ఉందని రెడ్డిగారికి అక్కడికి పోయాక గుర్తొచ్చింది. అది జనానికి కనబడాలని మాటిమాటికీ వెనక్కి తిరిగేవారు. సగం ఉపన్యాసం సముద్రానికే చెప్పారు.

చివరికి ఒక ముసలామె గుండెలు బాదుకుంది. "ఎట్టా బతికిన మనిషి! పన్నులు కట్టీ కట్టీ ఇట్టా అయిపోయినాడే!"

"అంత మిద్దె ఉన్నోడే ఇట్టయితే మా గతేంది? పన్ను మాటే ఎత్తొద్దయ్యా మా కాడ!" అన్నాడు ఇంకొకడు.

"నాకేం తక్కువమ్మా..." అనబోయి, మాసిక గుర్తొచ్చి, రెడ్డిగారు టక్కున ఆగిపోయారు. తను ఉన్నవాణ్ణని అనలేరు, లేనివాణ్ణని అనలేరు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, "కుప్పం ఓట్లు లేకుంటే నేను గెలవలేను ఏసేబూ" అన్నారు. ఆ గొంతు విని నిజంగానే జాలేసింది నాకు.

రెండు రోజులకు కుప్పం పెద్ద పోలయ్య కొత్త గుడ్డతో నా దగ్గరికి వచ్చాడు.

"రెడ్డిగారికి మా కుప్పం తరఫున చొక్కా పెడతాము. కొలతలు నీ కాడ ఉండాయి గదన్నా. మాసికలు మాత్రం వెయ్యబాక."

"సరే."

"జేబు లోతుగా పెట్టు. చెయ్యి మోచేతి దాకా పోవాల."

వేళాకోళమేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు. అడిగినట్టే కుట్టాను.

కుప్పంలో బట్టలు పెట్టించుకున్నవాడు ఇంటిమనిషి కింద లెక్క. అక్కడ ఇచ్చిన మాట తప్పితే మళ్లీ ఆ ఇసుకలో అడుగు పెట్టనివ్వరు. అందరి ముందూ ఆ చొక్కా తొడుక్కుని రెడ్డిగారు కళ్లు తుడుచుకున్నారు. అది నటన కాదు. కుప్పం ఓట్లతోనే గెలిచారు. మాసికలు విప్పదీయమని ఆ ఖద్దరు చొక్కా నాకిచ్చి పోయారు.

తర్వాత పన్నుల తీర్మానం మీటింగు వచ్చింది. ముందురోజు రెడ్డిగారు కొట్టుకు వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఆ మాసికలు విప్పేసినావా?"

"ఇంకా లేదయ్యా."

"మంచి పని చేసినావు. ఇటివ్వు, రేపు వేసుకోవాల. మిద్దెలకు రెట్టింపంటే... ఈ ఏడు పంటలు అంతంత మాత్రం. కొంచెం నిదానంగా చేద్దామని."

గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన పోలయ్య అరుగు చివర కూర్చుని ఉన్నాడు. రెడ్డిగారు చూసుకోలేదు. అతను లేచి దణ్ణం పెట్టాడు.

"అయ్యా, మేము పెట్టిన చొక్కా జేబులో చెయ్యి పెట్టి చూసినారా?"

రెడ్డిగారు ఉలిక్కిపడ్డారు. "చూసినాలే. ఏందయ్యా అంత లోతు? అగ్గిపెట్టె వేస్తే అందటం లేదు!"

"పన్ను కట్టేటప్పుడు మీ చెయ్యి ఇరుక్కోకూడదని మేమే చెప్పి పెట్టించినాము."

రెడ్డిగారు నా వంక చూశారు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. తర్వాత రెడ్డిగారు పకపకా నవ్వారు. మాసిక చొక్కా అడగకుండానే వెళ్లిపోయారు.

మర్నాడు కుప్పం చొక్కానే వేసుకుని మీటింగుకు పోయారు. తీర్మానం అయింది. తన మిద్దె పన్ను మొదట ఆయనే, మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసి కట్టారు. ఆయన కంటే తక్కువ కాకూడదని నాయుడుగారు కూడా వెంటనే కట్టేశారు. గుడిసెల పన్నూ పడవల పన్నూ పోయాయి. మాసికలు విప్పి మసిగుడ్డ మా ఆవిడకు ఇచ్చేశాను.

ఆ తర్వాత ఎన్నికలకు నిలబడిన చాలామందికి బట్టలు కుట్టాను. చొక్కా ఎలా ఉండాలో వాళ్లనే చెప్పమంటాను. జేబు లోతు మాత్రం ఓట్లు వేసేవాళ్లను అడిగి పెడతాను.