ఖాళీగా తిరగని బండ్లు

పాప బడి స్కర్టు పిండుతుంటే దాని వెనక భాగం నా చేతిలోకి వచ్చేసింది. చిరిగిన చప్పుడు లేదు. తడిసిన కాగితంలా విడిపోయింది. వెలుతురుకి ఎత్తి చూశాను. నూలు, పాలిస్టర్ కలిపి నేసిన గుడ్డ అది. నూలంతా పోయి పాలిస్టర్ దారాలు మాత్రం జల్లెడలా మిగిలాయి. గద్వాలలో పత్తి విత్తనాల మధ్య బతికేవాళ్లకి నూలును అలా తినేది ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. గింజకు అంటుకున్న నూగు పోవడానికి విత్తనాల మిల్లులో పోసే యాసిడ్. కొన్నాళ్లుగా పాప తొడల వెనక ఎర్రగా ఉంటే చెమటకాయలనుకుని పౌడరు రాస్తున్నాను. స్కర్టు పట్టుకుని బండ మీదే కూర్చుండిపోయాను.

"ఏందే, గట్ల గూసున్నవ్?" అంది మా అత్తమ్మ. స్కర్టు చూపించాను.

"గిప్పటి బట్టలు గింతే. మేము ఒక్క లంగ ఏండ్లకేండ్లు గట్టినం."

"అత్తమ్మా, పిల్లల్ని బడికాడ దించినంక ఆటో ఏడికి పోతది?"

"మిల్లుకు పోతది. మల్ల పిల్లల్ని తెచ్చేదాంక ఖాళీగ తిప్పుతడా?"

ఆ మాట ఆమె మెచ్చుకోలుగా అంది. ఈ ఊళ్లో బండిని ఖాళీగా తిప్పేవాణ్ణి చేతగానివాడంటారు. అత్తమ్మ పుట్టిల్లు కృష్ణకు అవతల, అమరచింత దగ్గర. నది మీద డ్యాం, దాని మీద దారి లేని రోజుల్లో వాళ్ల నాన్న పత్తిని పుట్టిలో, ఆ గుండ్రటి బుట్టపడవలో, నది దాటించి, ఇవతలి ఒడ్డున బండికెత్తి, స్టేషన్ పక్కనున్న పాత జిన్నింగు మిల్లుకి, పత్తి నుంచి గింజ తీయించడానికి, తెచ్చేవాడట. దూది బేళ్లు రైలెక్కేవి. అదే బండి, అదే పుట్టి, తిరుగు దారిలో బర్రెలకు పత్తిగింజలు, దుకాణాలకు కిరసనాయిలు డబ్బాలు, సంతకొచ్చిన మనుషులను మోసుకెళ్లేవి. మనుషులు మూటల మీద కూర్చునేవారు. మూటలకు చోటు చాలకపోతే మనుషుల ఒళ్లో మూటలు పెట్టేవారు. పెళ్లయ్యాక అత్తమ్మ కూడా అలాగే నది దాటి వచ్చింది. పట్టుచీరకు అంటిన కిరసనాయిలు వాసన ఎన్నాళ్లకూ పోలేదని నవ్వుతూ చెబుతుంది. పెళ్లయిన కొత్తలో నేనూ నవ్వాను.

తర్వాత లారీలు వచ్చాయి. స్టేషన్ మిల్లు మూతపడింది. దూది కంటే విత్తనానికి గిరాకీ పెరిగి ఊరి బయట విత్తనాల మిల్లులు లేచాయి. కోడేరు నుంచి ఇక్కడిదాకా ఎవరి చేను చూసినా పత్తే. బండ్లు మారాయి, ఆ అలవాటు మారలేదు.

సాయంత్రం ఆటో వచ్చింది. మా పాప, బాబు దిగగానే వెనక సీటు ఎత్తాను. కింద రేకు మీద నల్లటి జిగురు. దానికి పత్తినూగు అంటుకుని చచ్చిన ఎలుక తోలులా ఉంది. పుల్లటి వాసన గొంతులో గుచ్చింది. ఆ సీటు మీదే మా పాప డబ్బా తెరుచుకుని, పొద్దున మిగిల్చిన పూరీ తింటూ వస్తుంది. సీటును తడిమిన ఆ చేతులతోనే.

"ఏం జూస్తున్నవక్కా?" అన్నాడు ఆటో అతను.

"దీన్ల ఏం తీస్కపోతున్నవన్నా?"

"ఖాళీ క్యాన్లే. మిల్లుల కెల్లి గోదాముకు. నిండుయి నేను ముట్టనే ముట్ట."

"ఖాళీయైతే గిదేంది?"

"జర కారుతయి. రోజు తుడుస్తనే ఉన్న గద." భుజం మీది తువాల తీసి నా ముందే రేకు తుడిచాడు. ఆ తువాలతోనే మా బాబు ముక్కు తుడవబోయాడు. అతని చెయ్యి పట్టి ఆపాను. తువాల వేసుకునే చోట అతని మెడ మాడినట్టు నల్లగా ఉంది.

"మెడకేమైందన్నా?"

"ఎండకక్కా. పరేషాన్ గాకు."

అతను చెడ్డవాడు కాదు. వానొస్తే పిల్లల సంచులు తన ఒళ్లో పెట్టుకుని నడుపుతాడు. అందుకే ఇంకా అసహ్యం వేసింది. ఎవరి మీద వేయాలో తెలియని అసహ్యం.

మా పాపతో పాటు అదే ఆటోలో వెళ్లే అమ్మాయి తల్లి పక్కింట్లోనే ఉంటుంది. వెళ్లి చెప్పాను.

"డిగ్రీ చదివినవు గద, నీకు అన్నిట్ల యాసిడే కనబడ్తది," అంది. "మా పిల్లకేం గాలే."

"స్కర్టు జర తీస్కరా."

తెచ్చింది. వెనక వైపు, సరిగ్గా అదే చోట, అతుకు వేసి ఉంది. "బల్లకు మొల తగిలిందంట," అంది. అతుకు అంచున గోటితో గీరాను. గుడ్డ పొడిలా రాలింది. ఆమె దాన్ని మడిచి వెనక్కి పెట్టుకుంది.

"ఆటో బంద్ జేపిస్తే బడికి ఎట్ల పోతరు? ఇంగొకడు మన గల్లీకి వస్తడా?" అంది.

"రేపు నడిపిచ్చుకుంట తోల్కపోత. మీ పిల్లను గూడ పంపు."

"రేపు సంగతి రేపు," అని లోపలికి పోయింది.

మా ఆయన పని వనపర్తిలో. తెల్లారకముందే బస్సెక్కుతాడు. బడి రైల్వే గేటు అవతల. గేటు పడితే ఎంతసేపు నిలబడాలో తెలియదు, లారీల దుమ్ములో. భయం వేసింది. కానీ ఆ సీటు తలుచుకుంటే ఆ భయం చిన్నదైపోయింది. రేపు ఆటో వద్దని అత్తమ్మకు చెప్పాను. ఎప్పటిలా ఎత్తిపొడుస్తుందనుకున్నాను. కానీ ఆమె పాపను బోర్లా పడుకోబెట్టుకుని తొడలకు కొబ్బరినూనె రాస్తోంది.

"మా అక్క స్టేషన్ మిల్లుల పని జేసె," అంది తలెత్తకుండా. "దగ్గితే పత్తి పడేది. మేము నవ్వుతుంటిమి."

పొద్దున ఆటో హారన్ కొట్టింది. బయటికి వెళ్లి వద్దన్నాను. అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. పక్కింటి అమ్మాయి ఆటోలోనే ఉంది. మా పాపకు చెయ్యి ఊపింది. నేను కళ్లు తిప్పుకున్నాను.

అది జరిగింది ఈ పొద్దునే. పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను. పాప తొడలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, రేపు దవాఖానకు తీసుకెళ్లాలి.

పొద్దున బడికి నడుస్తూ రైల్వే గేటు దగ్గర గూడ్సు పోయేదాకా నిలబడినప్పుడు ఇద్దరి చేతులూ పట్టుకుని చెప్పాను. "ఏ బండి ఎక్కేముందైనా, మీకంటే ముందు దాంట్ల ఏం తెచ్చిండ్రో అడగండి. వాసనొస్తే ఎక్కకండి."

"ఆటో మామ కోపం జేస్తే?" అన్నాడు బాబు.

"చెయ్యనియ్యి. మీరు మూటలు గాదు. నడుస్తరు."