చెరుకు కొసతో వేసిన గల్లీ

ఆ బొమ్మ నేను వేయలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. మొన్న నిజామాబాద్‌లో మా ఎదురు దుకాణం షట్టరుకు రంగు వేస్తుంటే, ఆ ఎనామిల్ వాసనకు, ఇక దాచుకునే ఓపిక నాకు లేదనిపించింది.

బోధన్‌లో మా బాపు, అంటే నాన్న, దుకాణాల బోర్డులు రాసేవాడు. చలికాలం వస్తే ఊరంతా చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాకం వాసన, బండ్ల వెనక పరుగెత్తి గుంజుకున్న చెరుకుగడలు, తెల్లారేసరికి ఆరేసిన బట్టల మీదా వడియాల మీదా ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి రాలిన సన్నటి నల్లమసి. అవ్వ తిట్టుకుంటూ దులిపేది. బాపు కుంచెలు ముట్టనిచ్చేవాడు కాదు. అందుకని నాకన్నా రెండేళ్లు పెద్దదైన అక్క చెరుకు కొసను పీచు తేలేదాకా నమిలి, డబ్బాల అడుగున మిగిలిన రంగులో ముంచి, అట్ట మీద పొట్టి పొట్టి గీతలుగా అద్దేది. అలా వేసిందే నిజామాబాద్‌లో మామ ఇంటి కిటికీలోంచి చూసి గుర్తుపెట్టుకున్న గల్లీ మూల: పసుపు గోడ, మూసిన దర్జీ దుకాణం, ఒక సైకిలు. మనుషులెందుకు లేరని అడిగితే, "గల్లీని జర నిమ్మళంగ ఉండనియ్‌రా" అంది. మా డాబా మీద ఆరబెడితే పచ్చి రంగుకు మసి అంటుకుపోయింది.

చెప్పకుండా దాన్ని బడికి పట్టుకుపోయి నాదేనన్నాను. డ్రాయింగు సారు చాలాసేపు చూశాడు. ఫ్రాన్స్‌లో ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల తర్వాత వచ్చినవాళ్లు ఇలాగే దళసరి గీతలతో వేశారంటూ, పుస్తకంలో ఒక నగరపు నిశ్శబ్దమైన మూలను చూపించాడు. ఆకాశంలో నల్ల చుక్కలు పెట్టాలని ఎట్లా తోచిందని అడిగాడు.

"ఊకెనే సార్" అన్నాను.

వారం తర్వాత సారు మా ఇంటికొచ్చి, నన్ను హైదరాబాద్‌లో బొమ్మల చదువుకు పంపమని బాపుతో చెప్పాడు. అక్క చాయ తెచ్చిపెట్టి నా వైపు చూసింది. నేను సాసర్ వైపు చూశాను. ఆ తర్వాత ఆమె చెరుకు నమలలేదు. పళ్లు నొస్తున్నయనేది. హైదరాబాద్‌లో నాకేమీ రాదని మూణ్ణెల్లలోనే తేలిపోయింది.

ఫ్యాక్టరీ పొగగొట్టం చల్లబడి ఏళ్లయింది. బోధన్‌లో ఇప్పుడు బట్టలు తెల్లగానే ఆరుతున్నాయి. నిజామాబాద్‌లో ఆ గల్లీలో పసుపు గోడ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణాలు. నా పెట్టెలో అడుగున పడి ఉన్న అట్టను తీసుకుని ఆదివారం అక్క ఇంటికి పోయాను. ఆమె అద్దాలు పెట్టుకుని, ఆకాశం మీద గోటితో గీకి చూసింది.

"మసి గట్లనే ఉందిరా."

"సారు ముందల నీ పేరు చెప్పకపోతి. నీ చదువు నేను గుంజుకున్న. తప్పైంది అక్కా."